సెల్ఫ్ మోటివేటెడ్: టీకా తాత్పర్యం

మూలం: సెల్ఫ్ మోటివేటెడ్ సేల్స్ ఎగ్జిక్యూటివ్‌లు కావలెను. సొంత బండి తప్పనిసరి. జీతం ఇండస్ట్రీ స్టాండర్డ్ ప్రకారం.

టీక: ‘కావలెను’, ‘బండి’ సులభములు. చిక్కంతా మొదటి విశేషణంతోనే. తనచేత తానే ప్రేరింపబడినవాడని తృతీయా తత్పురుషం. ‘సెల్ఫ్ స్టార్టర్’ అని పాఠాంతరం. కిక్ కొట్టకుండానే కదిలేవాడని భావం.

ఇక్కడ వ్యాకరణం అడ్డొస్తుంది. దేవదత్తుడు వండును. యజ్ఞదత్తుడు దేవదత్తునిచేత వండించును. వండేవాడు ప్రయోజ్యుడు, వండించేవాడు ప్రయోజకుడు. ఈ రెండోవాడికి హేతువనీ, కర్త అనీ రెండు పేర్లు పెట్టింది అష్టాధ్యాయి (1.4.55). మన తిను, తినిపించుల సంగతీ ఇంతే. తినిపించాలంటే ఇంకో చెయ్యి ఉండాలి. విచిత్రమేమంటే, తెలుగిళ్ళలో ఈ మాట తిరగబడింది. నాలుగు రాళ్ళు తెచ్చే కొడుకు ప్రయోజకుడు. పొద్దున్నే లేపి పనికి తరిమే తండ్రిని ఆ మాట అనం. కొడుకు కదలకపోతే వాడే అప్రయోజకుడు, తరమలేని తండ్రి కాడు. కోలాచల మల్లినాథసూరి అనవసరమైనది రాయనని ప్రతిన పట్టి వ్యాఖ్యానాలు రాశాడు. ఆయన చేతిలో ఈ పేరా బతికేది కాదు.

అన్వయం: ప్రకటనలో యజ్ఞదత్తుడి పని కూడా దేవదత్తుడికే అంటగట్టారు. పైగా ‘సెల్ఫ్’కు కింది వాక్యాల్లోకి అనువృత్తి ఉంది: సెల్ఫ్ బండి, సెల్ఫ్ పెట్రోలు, సెల్ఫ్ ఫోను, ఎండలో సెల్ఫ్ మంచినీళ్ళు. జీతం దగ్గరికి రాగానే అనువృత్తి ఆగిపోతుంది. అది మాత్రం వాళ్ళే నిర్ణయిస్తారు.

ఉదాహరణ: మా మేనల్లుడు అమీర్‌పేటలో ఒక వాకిన్‌కి వెళ్ళాడు. ‘మిమ్మల్ని మోటివేట్ చేసేదేమిటి?’ అని అడిగారు. ‘జీతం సార్’ అన్నాడు. ముగ్గురూ పెన్నులు కింద పెట్టేశారు. డిగ్రీ చదివిన పిల్లాడు జీతం కోసం వచ్చానని చెప్పడం ఎప్పటినుంచి తప్పయింది? ఏ కంపెనీ అయినా లాభం కోసం కాక మరెందుకు నడుస్తోంది? ‘మిమ్మల్ని మోటివేట్ చేసేదేమిటి సార్?’ అని వీడు తిరిగి అడిగితే పొగరంటారు.

తాత్పర్యం: పని నేర్పము, పెట్రోలు పోయము, వెన్ను తట్టము, టార్గెట్ మాత్రం ఒకటో తారీఖునే చెబుతాము. నెలాఖరుకి అది కాకపోతే నీలో మోటివేషన్ లేదంటాము.

అయ్యా యజమానులారా, ఆ విశేషణం తీసేసి, ఆ జాగాలో జీతం ఎంతో అంకె వేయండి.