పెరటి వాక్యమునకు టీకా తాత్పర్యములు

మూలము
"ఒరేయ్, పాము! కర్ర తే!"

అవతారిక
తొలకరి కురిసిన రాత్రి, కరెంటు పోయిన వేళ, పెరటి కుళాయి కట్టబోయిన గృహస్థు నోట అప్రయత్నముగా వెలువడిన వాక్యమిది.

టీక
ఒరేయ్ = సెల్‌ఫోనులో మునిగియున్న ఓ కుమారుడా; పాము = తోక మాత్రమే కనబడిన ఒకానొక ప్రాణి; కర్ర = బూజుకర్ర (సమయానికి వేరొకటి దొరకదు గనుక); తే = తెచ్చి, నీవే ముందు నడువుము.

తాత్పర్యము
స్పష్టము.

విశేషములు
"పాము" అని ఊరకుండుట మూలకారుని తొందరపాటు. ఏ పాము? వానాకాలపు రాత్రి తడి చోట్లకు కప్పల కోసము వచ్చునది తరచుగా నీరుకట్టు. ఒంటినిండా చదరంగపు గళ్ళు, కంటి నుండి ఏటవాలుగా దిగిన రెండు నల్లని గీతలు. కోపము మెండు, మనిషిని చంపు విషము లేదు. జెర్రిపోతు కానేరదు, అది పగటి జీవి. నల్లని ఒంటిపై సన్నని తెల్లకట్లున్నచో కట్లపాము కావచ్చును. దాని వెన్ను నడిమి పొలుసులు పక్కవాటికంటె పెద్దవని శాస్త్రము. దగ్గర కూర్చుండి ఆ పొలుసులు పరిశీలించినవాడు వ్యాఖ్య వ్రాయుటకు మిగలడు గనుక, ఆ లక్షణమును నమ్మకము మీదనే గ్రహించునది.

"త్రాచు, జెర్రిపోతు పెనవేసుకొని జతకట్టగా మా తాత చూచెను గదా?" అని పూర్వపక్షము. తాత చూచినది సత్యమే, జత మాత్రము కాదు. అవి రెండును మగ జెర్రిపోతులు, కుస్తీ పట్టుచున్నవి.

మూలమున బొత్తిగా లోపించినది కప్ప. ఏడాది పొడుగునా మట్టిరంగున పడియుండు బావురుకప్ప, తొలి వానలకు మగదైనచో నిమ్మపండు వలె పసుపెక్కి, గొంతుకు ఇరుప్రక్కల నీలి బుడగలు పొంగించి ఆడదానిని పిలుచును. కొద్దిరోజుల ముచ్చట. దీనిని చూడక కర్ర వెదకువానిని అరసికుడనుటకు వ్యాఖ్యాత వెనుదీయడు.

పాఠాంతరము
కొన్ని ఇండ్లలో "టార్చి తే!" అని పాఠము గలదు. ఇదియే సాధువు. వెలుతురు పడినంతనే గడ్డిలో కప్పల కన్నులు మెరయును, పాము ఏదో తెలియును. దూరముగా నిలిచి దారి ఇచ్చిన అదే పోవును. ఇంట దూరినచో పాములు పట్టువారిని పిలువవలెను. కరచినచో మంత్రము, కోత, బిగికట్టు మాని 108కి ఫోను చేయవలెను. కర్ర పాఠమునకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము సమ్మతింపదు. కావున అది త్యాజ్యము.