రాకు రాజ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

కావ్యం మంగళాచరణతో మొదలవ్వాలి. అది ఆశీస్సు కావచ్చు, నమస్క్రియ కావచ్చు, వస్తునిర్దేశం కావచ్చునని సంస్కృత ఆలంకారికుడు దండి మూడు దారులు చూపాడు. నన్నయ తెలుగు భారతాన్ని సంస్కృత శ్లోకంతో ఎత్తుకున్నదీ ఆ మర్యాదకే. రాక్ వాద్యగాళ్లు దండిని చదివారనడానికి ఆధారాల్లేవు. అయినా వాళ్ల ఆల్బమ్‌ల తొలిపాటలు ఈ మూడు దారులే తొక్కాయి. ఈ రహస్యం కింది పద్యంలో దాగి ఉంది. పద్యమూ నాదే, టీకా నాదే. కాబట్టి కవిహృదయం గురించి పేచీ ఉండదు.

మూలం

మొదటి పాట వినక ముల్లునెత్తెడివాడు
గడప దాటకుండ గదులు మెచ్చు
తొలుత మోగునదియె తోరణంబగు నింట
వినుము రాకు రాజ వీనులార!

ఛందస్సు ఆటవెలది. రాక్‌కు ఉత్పలమాల నప్పదు.

ప్రతిపదార్థం

రాకు రాజ = రాక్ సంగీత శ్రోతలలో రాజైనవాడా ('రాజా, ఇటు రాకు' అని పొరుగింటివారి అన్వయం; సౌండు తగ్గిస్తే ఆ అర్థం పోతుంది); మొదటి పాట = ఎల్పీ రికార్డు ఒకటో వైపున అన్నిటికంటే వెలుపలి పాటను; వినక = వినకుండా; ముల్లున్ = ప్లేయరు ముల్లును; ఎత్తెడివాడు = ఎత్తి నడిమధ్యన పెట్టేవాడు; గడప దాటకుండ = గుమ్మం తొక్కకుండానే; గదులు = మిగతా పాటలను; మెచ్చు = మెచ్చుకొనును (మెచ్చినట్టు నటించునని భావం); తొలుత మోగునదియె = ముందు మోగేదే; ఇంటన్ = ఆల్బమ్ అనే ఇంట్లో; తోరణంబు అగున్ = తోరణమవుతుంది; వీనులార = చెవులనిండుగా (ఇయర్‌ఫోన్లు పెట్టుకొని అని నవ్యులు); వినుము = విను.

టీక

'ముల్లు' అన్న మాట ఊరికే పడలేదు. పన్నెండంగుళాల ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. వెలుపలి చుట్టు పెద్దది గనుక అక్కడ ముల్లు కింద గాడి సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు పరుగెడుతుంది. లేబులు దగ్గరికొచ్చేసరికి అది 20 చిల్లరకు పడిపోతుంది. అంతే శబ్దాన్ని సగానికి తక్కువ చోటులో కుక్కాలి. తాళాల తళతళ ముందు చెడేది అక్కడే. కనుక తొలిపాటకు దక్కింది వీధి వసారా, చివరిపాటకు మెట్ల కింది గది.

'తోరణం' మూడు విధాలు.

నమస్క్రియ: హూ బృందం 'హూస్ నెక్స్ట్' (1971) 'బాబా ఓరైలీ'తో మొదలవుతుంది. పీట్ టౌన్‌షెండ్ తన గురువు మెహెర్ బాబా పేరునూ, అమెరికన్ స్వరకర్త టెరీ రైలీ పేరునూ కలిపి ముడేశాడు. పాట ఆసాంతం విన్నా ఆ పేరు మాత్రం వినిపించదు. అహ్మద్‌నగర్ దగ్గరి మెహెరాబాద్ వైపు తిరిగి మనసులోనే చేసుకున్న నమస్కారమన్నమాట. మొదట్లో గిరగిర తిరిగే స్వరాలు సింథసైజరువని చాలామంది భ్రమ. అవి ఇళ్లలో వాయించుకునే లౌరీ ఆర్గన్‌వి.

వస్తునిర్దేశం: బృందం పేరు బ్లాక్ సాబత్, తొలి ఆల్బమ్ పేరు బ్లాక్ సాబత్, అందులో తొలిపాట పేరూ బ్లాక్ సాబత్. వస్తువును ఇంతకంటే ఎవరు నిర్దేశించగలరు! విడుదల 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం. వాన, ఉరుము, దూరాన గంట. ఆపైన టోనీ అయోమీ గిటార్‌పై మూడే స్వరాలు: షడ్జమం, పై షడ్జమం, ప్రతిమధ్యమం. ఈ ఆఖరి అంతరానికి యూరప్ సంగీతజ్ఞులు సైతాను పేరు పెట్టారు. మనకు కల్యాణిలో పెళ్లిపందిట్లో తిరిగే పిల్ల అది. పాపం, అక్కడ వానలో ఒంటరిగా నిలబెట్టారు.

ఆశీస్సు: ఏసీ/డీసీ గాయకుడు బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరిలో పోయాడు. జూలైకల్లా బ్రయన్ జాన్సన్ గొంతుతో, నల్లని అట్టతో 'బ్యాక్ ఇన్ బ్లాక్' వచ్చింది. తొలిపాట 'హెల్స్ బెల్స్'కు ముందు గంట మోగుతుంది. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోలో ఒక గోపురం గంటను రికార్డు చేయబోతే, దెబ్బ దెబ్బకూ లేచే పక్షుల రెక్కల చప్పుడు పడింది. చివరికి అదే ఊరి గంటల ఫౌండ్రీలో, తమకోసం పోతపోసిన టన్ను బరువు గంటను కొట్టి రికార్డు చేశారు. పోయినవాడికి సద్గతి, వచ్చినవాడికి స్వస్తి: ఒకే గంటకు రెండు ఆశీస్సులు.

శంక: తొలిపాట అంటే తొలుత పుట్టిన పాటేనా?

సమాధానం: పీఠిక ముందుంటుంది గాని రాసేది చివర. యూ2 బృందం 'జాషువా ట్రీ' (1987)లో మొదటి పాటనూ చివరి పాటనూ తామే ఖాయం చేసుకుని, నడుమ వరస పేర్చే పని గాయని కర్స్టీ మెకాల్‌కు అప్పగించింది. ఆ మొదటి పాట 'వేర్ ద స్ట్రీట్స్ హ్యావ్ నో నేమ్'తో వేగలేక నిర్మాత బ్రయన్ ఈనో ఒకదశలో టేపునే చెరిపేయబోతే, ఇంజినీరు అడ్డుపడ్డాడు. తోరణానికి తెచ్చిన మామిడాకులు మేకనోట పడబోయి తప్పాయి.

పాఠభేదం: హెండ్రిక్స్ 'ఆర్ యూ ఎక్స్‌పీరియన్స్‌డ్' (1967) ఇంగ్లండ్ ప్రతిలో తొలిపాట 'ఫాక్సీ లేడీ', అమెరికా ప్రతిలో 'పర్పుల్ హేజ్'. విడిగా అమ్మిన పాటను మళ్లీ ఎల్పీలో ఎక్కించకపోవడం అప్పట్లో ఇంగ్లండ్ ఆచారం. ఏది మూలమని అడిగితే రెండు దేశాలవాళ్లూ తమదే అంటారు. ఇద్దరిదీ నిజమే. ఎవరి చెవిన ముందు ఏది పడితే వారికి అదే మూలం.

తాత్పర్యం

ఓ శ్రోతా! ఆల్బమ్‌ను గుమ్మంలోంచి విను. కిటికీలోంచి దూకకు.

లేఖక దోషం

ఈ వ్యాఖ్యాత హాస్టల్లో ఉన్న రోజుల్లో, లిస్టూ ఖాళీ క్యాసెట్టూ ఇస్తే పాటలెక్కించే దుకాణం ఒకటుండేది. 'బ్యాక్ ఇన్ బ్లాక్' ఎక్కించమని ఇచ్చాను. సాయంత్రం వెళితే యజమాని క్యాసెట్టు చేతిలో పెట్టి, "పాట ముందు ఏదో గుడిగంట పడింది తమ్ముడూ, అది తీసేసి క్లీన్‌గా ఎక్కించా" అన్నాడు. పదిరూపాయలు ఎక్కువే తీసుకున్నాడు, ఆ శుభ్రతకు.

పదేళ్లు ఆ ప్రతినే పారాయణ చేశాను. ప్లే నొక్కగానే నేరుగా గిటారు. తర్వాత ఎప్పుడో సీడీ కొని పెడితే గంట మోగింది. మళ్లీ మోగింది. పాట ఎప్పుడా అని కూర్చున్నాను. లఫ్‌బరో సంగతి తెలుసు, పక్షుల సంగతి తెలుసు, బాన్ స్కాట్ సంగతీ తెలుసు. అయినా ఇంత టీక రాసిన నా చెవికి ఆ గంట ఇప్పటికీ ప్రక్షిప్తమే.