అలకకు ఒక చోటుండేది

మా రోజుల్లో అలిగితే పోయి కూర్చోవడానికి ఇంట్లో ఒక చోటుండేది. తమిళనాడు కడత్తూరులో మా ఇంటి వరకు ఆ చోటు రాగుల గాదె వెనక. గాదెకీ గోడకీ నడుమ ఒక పిల్ల మాత్రం పట్టేంత సందు. నేను అక్కడ కూర్చున్నాను, నా తమ్ముళ్ళు కూర్చున్నారు, నా పిల్లలు కూర్చున్నారు, చివరికి నా మనవరాలు కూర్చుంది. ఇన్ని వీపులు ఆనుకుని అక్కడి గోడ నున్నబడిపోయింది.

దానికొక పద్ధతి కూడా ఉండేది. అలిగినవాళ్ళ జోలికి కాసేపు ఎవరూ పోరు. అన్నం వేళకి ఎవరో ఒకరు పోయి పక్కన కూర్చుంటారు. మా ఇంటిదైతే కాళ్ళు చాపుకుని కూర్చుని, చేతిలో బెల్లం ముక్క పెట్టుకుని, "నువ్వు లేచేదాకా నేనూ తినను" అనేది. అంతకుమించి ఒక్క మాట అనేది కాదు. ఎందుకు అలిగావని అడిగేది కాదు, బుద్ధులు చెప్పేది కాదు. పెళ్ళిళ్ళలో కొత్త అల్లుడికి అలకపాన్పు వేసి మరీ బతిమాలిన జాతి మనది. అలిగినవాళ్ళని ఎవరూ తప్పుబట్టేవాళ్ళు కాదు. పోయి పలకరించని వాళ్ళనే తప్పుబట్టేవాళ్ళు.

ఇప్పుడు గాదె లేదు, రాగులూ లేవు. బియ్యం ప్లాస్టిక్ డబ్బాలో ఉంటోంది. ప్రతివాళ్ళకీ ఒక గది, గదికొక గడియ. లోపల పిల్ల అలిగిందో, నిద్రపోయిందో, ఫోను చూస్తోందో బయటివాళ్ళకి తెలియదు. తలుపు తట్టబోతే "స్పేస్ ఇవ్వండి" అంటారు. సరేనని ఇచ్చేస్తున్నాం. ఇచ్చి మనం టీవీ సీరియల్ ముందు కూర్చుంటున్నాం. ఆ పిల్ల మూడు రోజులు గదిలో ఎదురు చూసిందని మనకి ఎప్పటికీ తెలియదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, రెండేళ్ళ కిందట ఒక రాత్రి బెంగళూరు నుంచి మనవరాలు ఫోన్ చేసింది. "తాతా, నేను గాదె వెనక కూర్చుంటే దాన్ని మనింట్లో ఏమనేవాళ్ళు?" అని అడిగింది. అలక అన్నాను. అటు పక్క చాలాసేపు మాట లేదు. తర్వాత ఏడుపు వినిపించింది.

అప్పుడే చెప్పింది, ఏడాదిగా ప్రతి గురువారం ఒకావిడ దగ్గరికి పోతున్నానని. సైకోడైనమిక్ థెరపీ అట. యాభై నిమిషాలు, రెండు వేలు. నాకు కోపమే వచ్చింది. ఇంటి మాట బయటివాళ్ళకి చెప్పుకోవడానికి డబ్బు కూడా ఇవ్వాలా? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని విని పెరిగినవాణ్ణి నేను. మా రోజుల్లో సాయంత్రం తిన్నెమీద పదిమంది కూర్చుంటే కష్టం సుఖం అన్నీ అక్కడే తేలిపోయేవి, డబ్బులెందుకు అన్నాను. దానికి అది అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. "అవ్వ ఎప్పుడైనా ఆ తిన్నెమీద కూర్చుని తన కష్టం చెప్పుకుందా తాతా?"

లేదు. తిన్నె మగవాళ్ళది. అక్కడ పొద్దున చెప్పిన మాట సాయంత్రానికి తమలపాకు సంత దాకా పోయేది. మాకు కావలసినంత తీరిక ఉండేది. మాట దాచుకునే గుట్టు మాత్రం ఉండేది కాదు.

సరే, ఆ థెరపీ అంటే ఏమిటో చెప్పమన్నాను. అది మెల్లమెల్లగా, నెలల తరబడి చెప్పింది. నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. మనవరాలు ఎనిమిదేళ్ళలో మూడు ఉద్యోగాలు మానేసింది. మూడుచోట్లా జరిగింది ఒకటే. పైవాళ్ళు ఏదో ఒక మాట అంటారు. ఇది తిరిగి ఏమీ అనదు, మాట్లాడటం మానేస్తుంది. వారం, పది రోజులు. ఎవరూ వచ్చి అడగరు. రాజీనామా ఇచ్చేస్తుంది. మొగుడితోనూ ఇదే వరస. థెరపిస్టు దీనికి సలహాలేమీ ఇవ్వలేదట. "ఇలా మాట్లాడు, అలా ఊపిరి పీల్చు" అనలేదు. తోచింది తోచినట్టు చెప్పమని, కలలొస్తే అవీ చెప్పమని, వింటూ కూర్చుందట. నాలుగు నెలలు గడిచాక ఆవిడ రెండు వారాలు సెలవు పెట్టింది. తిరిగొచ్చాక మనవరాలు వరసగా రెండు గురువారాలు పోలేదు. పని ఉందని మెసేజ్ పెట్టింది. మూడో గురువారం పోతే ఆవిడ కోప్పడలేదు, ఊరుకోనూ లేదు. "నేను వెళ్ళిపోయినందుకు నామీద కోపం వచ్చిందా?" అని అడిగిందట. లేదు అనబోయి దీనికి గొంతు పట్టేసింది.

అసలు పని అక్కడ మొదలవుతుందట. మనసులో ఎప్పటిదో పాత బాకీ ఉంటుంది. దాన్ని అసలు వాళ్ళ దగ్గర అడగలేక, ఎదురుపడ్డ కొత్తవాళ్ళ దగ్గరల్లా వసూలు చేస్తూ తిరుగుతాం. మేనేజరు, మొగుడు, చివరికి వైద్యం చేసే మనిషి కూడా ఆ లెక్కలో పడతారు. దీన్ని ట్రాన్స్‌ఫరెన్స్ అంటారు. అత్తమీది కోపం దుత్తమీద అని మన ముసలమ్మలు ఏనాడో కనిపెట్టారు. కాకపోతే దుత్త పగిలాక ముక్కలు ఊడ్చి పారేసేవాళ్ళం. వీళ్ళు ఆ ముక్కలు ఏరి, ఎవరిమీద కోపం ఇది, ఎన్నాళ్ళ నాటిది అని ఇద్దరూ కలిసి చూస్తారు.

తమలపాకు తోట పెంచినవాడికి ఇది చప్పున అర్థమవుతుంది. తీగ అవిసె చెట్టుమీద పైకి పాకిపోయి ముదిరితే ఆకు చిన్నబడుతుంది. ఆకుకి ఎంత సేవ చేసినా లాభం లేదు. తీగని కిందికి దించి, చుట్టచుట్టి, మొదట్లో మట్టికింద కప్పాలి. అక్కడ కొత్త వేళ్ళు దిగితేనే కొత్త చిగురు. ఒక వారంలో అయ్యే పని కాదది. 2010లో జోనథన్ షెడ్లర్ అనే అమెరికా మానసిక శాస్త్రవేత్త ఈ వైద్యం మీద వచ్చిన పరిశోధనలు పోగుచేసి చూసి, మానేశాక కూడా దీని మేలు పెరుగుతూ పోతోందని రాశాడని మనవరాలు చెబితే నాకు తోటే గుర్తొచ్చింది. అన్ని జబ్బులకీ ఇదే మందని నేననను. మతి పూర్తిగా చెదిరినవాళ్ళకి మాత్రలు కావాలి, పక్కన మనిషి కావాలి.

ఇక అలక అనే మాట ఎందుకు కావలసివచ్చిందో చెప్పాలి. ఆవిడతో మనవరాలు మాట్లాడేది ఇంగ్లీషులో. తాను అలా మాట్లాడటం మానేయడాన్ని ఏమనాలి? కోపమా అంటే కాదు, బాధా అంటే కాదు, మౌనమా అంటే అదీ కాదు. ఇంగ్లీషులో దొరకలేదు, వీధిలో విన్న తమిళంలోనూ తట్టలేదు. అలక అంటే ఉత్త కోపం కాదు కదా. బతిమాలేవాళ్ళు వస్తారన్న నమ్మకం ఉన్నచోటే మనిషి అలుగుతాడు. ఎదురుచూపు కలిసిన కోపం అది. ఆ మాట దొరికిన గురువారం యాభై నిమిషాలూ దానితోనే గడిచిందట. "ఇన్నేళ్ళుగా నువ్వు ఎవరొస్తారని చూస్తున్నావు?" అని ఆవిడ అడిగింది.

జపాన్‌లో తాకెయో దోయి అనే మానసిక వైద్యుడు ఇలాంటి ఒక్క మాట పట్టుకుని 1971లో పుస్తకమే రాశాడు. ఆ మాట అమాయె. మనవరాలు వివరిస్తే ఇది మన గారాబమే కదా, మారాం చేయడమే కదా అనిపించింది. ఎదుటివాళ్ళు భరిస్తారన్న ధీమాతో వాళ్ళమీద వాలిపోవడం. ఆ మాటకి ఇంగ్లీషులో సరైన జోడీ లేదని గమనించి, తన జాతి మనసుకి అది తాళంచెవి అన్నాడు దోయి. మనకి అలాంటి మాటలు ఎన్ని లేవు! మారాం, గోము, కినుక, ఉక్రోషం. ఒక్కొక్కటీ ఒక్కో గదికి తాళంచెవి.

అసలు ఈ మాటల వైద్యం పుట్టిందే భాష పోగొట్టుకున్న పిల్ల దగ్గర. వియన్నాలో బెర్తా పాపెన్‌హైమ్ అని ఇరవై ఒక్క ఏళ్ళ అమ్మాయి, జబ్బుపడ్డ తండ్రికి సేవ చేస్తూ చేస్తూ తానే మంచాన పడింది. 1880 నుంచి 1882 దాకా యోజెఫ్ బ్రాయర్ అనే డాక్టరు ఆమెకి వైద్యం చేశాడు. ఆ జబ్బులో ఆమెకి సొంత భాష జర్మన్ పోయింది, ఇంగ్లీషు ఒక్కటే మిగిలింది. మండుటెండల్లో ఆరు వారాలు నీళ్ళు తాగలేకపోయింది. ఒకనాడు, ఇంట్లో ఉన్న ఇంగ్లీషావిడ కుక్కపిల్ల గ్లాసులో నీళ్ళు తాగితే తనకి కలిగిన అసహ్యాన్ని, మర్యాద కోసం మింగేసిన ఆ మాటని, బయటపెట్టింది. వెంటనే నీళ్ళు అడిగి తాగింది. మాటల వైద్యం అని దానికి పేరు పెట్టింది ఆమే, అదీ ఇంగ్లీషులోనే. పొగగొట్టం ఊడ్చడం అని కూడా అనేదట. బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి 1895లో అచ్చేసిన పుస్తకంలో ఇదంతా ఉంది. అయితే ఆమె అంతటితో బాగుపడిపోలేదు. ఆ తర్వాత కూడా ఆసుపత్రుల్లో గడిపింది. మెల్లగా తేరుకుని దిక్కులేని ఆడపిల్లల కోసం జీవితమంతా పనిచేసింది. ఎన్నేళ్ళు పట్టిందో చూడండి.

ఇది తెల్లవాళ్ళ వింత అని కొట్టిపారేసేవాళ్ళకి ఒక మాట. 1922లోనే గిరీంద్రశేఖర్ బోస్ కలకత్తాలో భారత మనోవిశ్లేషణ సంఘం పెట్టాడు. బెంగాలీలో కలల మీద పుస్తకం రాశాడు. తన భాషలో రాశాడు, అదీ నేను చెప్పేది. మా ఇళ్ళలో జరుగుతున్నదేమిటి? నేను పుట్టినప్పుడు కడత్తూరు సేలం జిల్లా, 1965లో ధర్మపురి జిల్లా అయింది. జిల్లా మారినా మా ఇంటి మాట మారలేదు. వీధిలో తమిళం, గడప లోపల తెలుగు. చాలామందికి రాయడం రాదు, తిట్టడం, లాలించడం, ఏడవడం మాత్రం తెలుగే. ఇప్పటి తల్లులు చంకలో పిల్లని వేసుకుని ఇంగ్లీషులో జోకొడుతున్నారు. ముప్పై ఏళ్ళ తర్వాత ఆ పిల్ల ఎవరి ముందో కూర్చుని చిన్ననాటి మాటకోసం తడుముకుంటే ఎవరికి ఫోన్ చేస్తుంది? నేనుండను కదా.

తొందర మీదా నాకు కోపమే. నిద్ర పట్టడం లేదని పోతే, కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే చీటీ రాసి చేతికిస్తున్నారు. వారంలో మనసు కుదుటపడుతుందని ఫోన్లో యాప్‌లు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలంటే 14416 ఉంది, ప్రభుత్వం 2022లో పెట్టిన టెలి మానస్. మంచి పని, ఆ నంబరు అందరి ఇళ్ళలోనూ రాసుండాలి. కానీ పాతికేళ్ళు ముడిపడ్డ దారాన్ని అయిదు నిమిషాల్లో విప్పమంటే తెంపడమే అవుతుంది.

ఇంతకీ నా మనవరాలి ముడి వేసింది నేనే. దాని అమ్మానాన్నలకి బెంగళూరులో ఉద్యోగాలు. అయిదేళ్ళు నిండేదాకా మా దగ్గరే పెరిగింది. బళ్ళో వేయాలని తీసుకుపోవడానికి వచ్చినప్పుడు, చెబితే ఏడుస్తుందని నేనే వద్దన్నాను. రాత్రి నిద్రపోయాక నా చేతులతోనే ఎత్తి కారులో పడుకోబెట్టాను. కృష్ణగిరి దాటాక లేచిందట. లేచి ఏడవలేదట. ఏడవలేదని అందరం సంతోషించాం, పిల్ల బుద్ధిమంతురాలనుకున్నాం. ఆ తర్వాత నెలరోజులు నాతో ఫోన్లో మాట్లాడలేదు. మరిచిపోయిందిలే అనుకున్నాను. మా రోజుల్లో పిల్లలకి ఏదీ చెప్పేవాళ్ళం కాదు. చావు చెప్పేవాళ్ళం కాదు, ప్రయాణం చెప్పేవాళ్ళం కాదు. అది మేం చేసిన తప్పు. మా రోజుల్ని ఎంత పొగిడినా ఈ ఒక్కటి పొగడలేను.

మొన్న పొంగలికి వచ్చింది. ఇదంతా రాయడానికి ఒప్పుకున్నదీ అదే. గాదె ఉన్నచోట ఇప్పుడు ఫ్రిజ్ ఉంది. పక్కన నేలమీద కూర్చుని, ఆ రాత్రి ఏం జరిగిందో మొదటినుంచి చెప్పమంది. చెప్పాను. ఏ రంగు గౌను వేసుకుందో, నా భుజంమీద ఎంత బరువుగా ఉందో, వాళ్ళవ్వ వాకిట్లోకి రాలేక వంటింట్లోనే ఎలా నిలబడిపోయిందో, అన్నీ.

"నాకు చెప్పుండాల్సింది తాతా" అంది.

"అవునమ్మా, చెప్పుండాల్సింది" అన్నాను.

అంతే, మాట్లాడటం మానేసింది. మధ్యాహ్నం అన్నానికి లేవలేదు. కొడుకూ కోడలూ భయపడిపోయి, థెరపీ వల్లే ఇలా అయిందన్నారు. నాకు భయం వేయలేదు. ముప్పై ఏళ్ళ ఆడపిల్ల, ఫ్రిజ్ పక్కన గోడకి ఆనుకుని, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంది. రాత్రి ఎనిమిదింటికి డబ్బాలోంచి బెల్లం ముక్క తీసుకున్నాను. కర్ర గోడకి ఆనించి, మోకాళ్ళు పట్టుకుని, మెల్లగా దాని పక్కన నేలమీద కూలబడ్డాను.

"నువ్వు లేచేదాకా నేనూ తినను" అన్నాను.