లాగుడు బావగారు

దిగబడ్డ బండంత సాధువైన వస్తువు లోకంలో మరొకటి లేదు. ఇంజను ఆపేస్తే చాలు, ఇరుసు దాకా ఇసకలో కూర్చుని తెల్లారేదాకా అక్కడే ఉంటుంది, ఎవరి జోలికీ రాదు. సూర్యలంక ఇసకలో గానీ, వానాకాలపు నల్లరేగడి డొంకలో గానీ, అనంతగిరి అడవిదారి బురదలో గానీ ప్రమాదం బండితో రాదు. "అందరూ పక్కకి జరగండి, నేను చూసుకుంటా" అన్న మాట వినపడ్డాక వస్తుంది. ఆ మాట అన్నది బావగారు. ఎవరికి ఏ వరసన బావ అన్నది అనవసరం. ఫోర్ బై ఫోర్ బండి ఉన్న ప్రతి బంధువర్గంలోనూ, ప్రతి ఆఫీసులోనూ ఈ పదవి ఖాళీ లేకుండా భర్తీ అయి ఉంటుంది. ఆరు జేబుల ప్యాంటు, వెనకద్దం మీద హిమాలయాల స్టిక్కరు, టైర్లకంటిన మట్టిని కడగబోతే ఇంటిల్లిపాది మీదా కేకలు. డిక్కీలో పసుప్పచ్చటి పట్టీ ఒకటి, కొన్ననాటి ప్లాస్టిక్ కవరుతో సహా భద్రంగా ఉంటుంది. ఆ కవరు లోపలే, ఆయన ఎన్నడూ చదవని జాగ్రత్తల కాగితం కూడా ఉంటుంది.

ఈయన్ని తెలివితక్కువవాడు అనడం అన్యాయం. గేర్ల నిష్పత్తులు నోటికొచ్చు, ఏ బండి కడుపు నేలకి ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుందో నిద్రలో లేపినా చెబుతారు. జబ్బు జ్ఞానంలో లేదు, తొందరలో ఉంది. బండిని బయటపెట్టడం ఆయనకి చాలదు, ఒక్క లాగుడుతో బయటపెట్టాలి, అదీ నలుగురూ చూస్తుండగా. ఆయన అలవాట్లన్నీ ఈ ఒక్క కోరికలోంచి పుట్టినవే.

వచ్చీ రాగానే "తాడేదీ?" అంటారు తప్ప వంగి బండి కింద చూడరు. నిజానికి సగం పని ఆ వంగడంలోనే అయిపోతుంది. ఏ చక్రం తిరుగుతోంది, ఏది ఆగింది, డిఫరెన్షియల్ గుండు నేలకి ఆనిందా, లో రేంజి వేశారా అన్నవి తెలిస్తే చాలాసార్లు తాడుతో పనే ఉండదు. ఇసకలో గిర్రున తిరిగే చక్రం బండిని ముందుకి తొయ్యదు, తన గొయ్యి తనే తవ్వుకుంటుంది. టైర్లలో గాలి పదిహేను, పద్ధెనిమిది పౌండ్లకి దించితే టైరు నేలమీద పొడుగ్గా పరుచుకుంటుంది, పట్టు పెరుగుతుంది (తారురోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపుకోవాలి). చక్రాల ముందు వాలుగా ఇసక తీసి, కింద నాలుగు చదును రాళ్లో, బరకం ముక్కో వేస్తే బండి తనంతట తనే ఎక్కి రావచ్చు. ఈ పనిలో ఉన్నవాళ్లకి ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది: చక్రం మేరకి మునిగిన బండిని లాగడానికి బండి బరువంత బలం కావాలి, మడ్‌గార్డు దాకా మునిగితే రెండింతలు, ఒళ్లు కూడా మునిగితే మూడింతలు. తవ్విన ప్రతి పారా ఆ లెక్కలోంచి కొంత తీసేస్తుంది. కానీ పారంటే బావగారికి చిన్నచూపు. రథచక్రం కుంగినప్పుడు కర్ణుడంతటివాడు దిగి స్వయంగా చక్రం పట్టుకున్నాడు. ఆరోజు ఆయనకి కాలం కలిసి రాలేదు గానీ పద్ధతి మాత్రం సరైనదే. మన దగ్గర కర్ణుడి పని చేసేవాడు కరువు. శల్యులకి లోటు లేదు, "స్టీరింగ్ అటు తిప్పు, ఎక్కు, ఇంకా ఎక్కు, అరె నొక్కవయ్యా" అంటూ గట్టుమీద నిలబడి ఉంటారు.

ఇక తాడు. బావగారి దృష్టిలో తాళ్లన్నీ ఒక్కటే: పట్టీ, మోకు, ఇనపగొలుసు, పక్క పొలంలో గేదె పలుపు, ఏది చేతికందితే అది. కుదుపుతో లాగడానికి ఉద్దేశించిన నైలాన్ పట్టీ తన పొడవులో ఇంచుమించు ఐదోవంతు సాగుతుంది. ముందుబండి కదిలిన శక్తిని దాచుకుని, మెల్లగా వెనకబండికి అందిస్తుంది. చెట్టుకి చుట్టే పాలిస్టర్ పట్టీ సాగదు, గొలుసు అసలే సాగదు. వాటిని కుదిపితే ఆ దెబ్బంతా ఒక్క క్షణంలో బండి చాసిస్‌కి తగులుతుంది, లేదా ఎక్కడో ఏదో తెగుతుంది. ఎంత దెబ్బ? రెండున్నర టన్నుల బండి గంటకి ఇరవై కిలోమీటర్ల వేగంతో పోతుంటే అందులో ఉన్న శక్తి, అదే బండిని ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి కింద పడేసినంత. వేగం రెట్టింపు చేస్తే శక్తి నాలుగింతలవుతుంది. మొదటి లాగుడుకి బండి కదలకపోతే బావగారు చేసేది సరిగ్గా అదే, ఇంకాస్త వెనక్కొచ్చి ఇంకాస్త జోరుగా పోవడం. ఆ పక్కనే మరో పొరపాటు: పట్టీ పొడవు చాలకపోతే రెండిటినీ మధ్యలో ఇనప షాకిల్‌తో కలపడం. ఒకటి తెగిందంటే ఆ షాకిల్ ఎటు పోతుందో చెప్పలేం, దాని వెనక ఎంత శక్తి ఉంటుందో మాత్రం పై లెక్కలో ఉంది.

తాడు మంచిదైనా సరే, దాన్ని ఎక్కడ తగిలించారన్నది ప్రాణం మీదికి తెచ్చే సంగతి. బంపరుకో, స్టీరింగ్ రాడ్డుకో, ట్రైలరు తగిలించే గుండుకో, ఏది కంటికి ఆనితే దానికి బావగారు ముడేస్తారు. ట్రైలరు గుండు నేరుగా లాగడానికి చేసింది, కుదుపుకి కాదు. అది విరిగితే తాడుతో సహా గుండులా దూసుకొస్తుంది. ఆస్ట్రేలియాలో అలా మనుషులు పోయారు. ఈ పట్టీల మీద ఏయే హెచ్చరికలు ఉండాలో ఆ దేశం 2010లో చట్టబద్ధంగా నిర్ణయించింది. రెండు బండ్లలో తేలికైనదాని మొత్తం బరువుకి రెండు నుంచి మూడు రెట్ల బలమున్న పట్టీ వాడమని అందులో ఉంది. రెండున్నర టన్నుల బండైతే ఐదు నుంచి ఏడున్నర టన్నులన్నమాట. ఎక్కువ బలమైనది కొంటే ఇంకా మంచిది కదా అని బావగారు పన్నెండు టన్నులది తెస్తారు. అంత లావుది చిన్న బండికి సరిగా సాగదు, కుదుపుని మింగదు. మన కార్లలో చాలావాటికి టూల్‌కిట్‌లో మర తిప్పి బిగించే కొక్కెం ఒకటి ఇస్తారు. అది చదును రోడ్డు మీద చెడిపోయిన బండిని మెల్లగా ఈడ్చడానికి. బురదలోంచి కుదిపి లాగితే ఊడొస్తుంది.

వించ్ (కేబుల్‌ని డ్రమ్ముకి చుట్టుకుంటూ బండిని లాగే యంత్రం) ఉన్న బావగారు మరో మెట్టు పైన ఉంటారు. బంపరు మీద అది ఉంటే చాలు, బండి దిగబడదని ఆయన నమ్మకం. వించ్ నెమ్మది యంత్రం, కుదుపుండదు కాబట్టి నిజానికి పట్టీ కంటే క్షేమం. కానీ దాని శక్తి బండి మొత్తం బరువుకి ఒకటిన్నర రెట్లయినా ఉండాలి. పెట్టె మీద రాసిన శక్తి డ్రమ్ముకి ఆనిన మొదటి పొరకే వర్తిస్తుంది. నాలుగో పొర దగ్గర సుమారు మూడోవంతు తగ్గిపోతుంది. అంచేత కేబుల్ ఎక్కువ విప్పి, దూరపు చెట్టుకి వేస్తే లాగే బలం పెరుగుతుంది (డ్రమ్ము మీద కొన్ని చుట్లు మాత్రం ఎప్పుడూ మిగల్చాలి). మధ్యలో కప్పీ ఒకటి పెడితే వేగం సగమవుతుంది, బలం దాదాపు రెట్టింపవుతుంది. ఈ రెండూ ఓపిక అడిగే ఉపాయాలు, అందుకే బావగారు ఆ కప్పీని ఇంట్లో వదిలేసి వస్తారు. పైగా కేబుల్‌ని వెడల్పు పట్టీ లేకుండా నేరుగా చెట్టుకి చుట్టేస్తారు. బెరడు ఒలుచుకుపోయి చెట్టు చస్తుంది, కేబుల్ నలిగి పాడవుతుంది. సముద్రపొడ్డున లేత సరుగుడు చెట్టయితే బండి బదులు అదే వేళ్లతో సహా ముందుకొస్తుంది. ఉక్కు కేబుల్ మధ్యలో ఓ బరువైన గోనెసంచో, తడి దుప్పటో వేస్తే, తెగినా అది ఎగరకుండా కిందికి పడుతుంది. అంత చిన్న జాగ్రత్త చెప్పినవాళ్లని ఆయన పిరికివాళ్లలో కలిపేస్తారు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వినాలి. మన ఊళ్లలో ట్రాక్టర్లు రోజూ గొలుసులతో లారీల్ని, ఆటోల్ని లాగుతూనే ఉన్నాయి, ఎవరికేమైంది? అన్న మాట నిజమే. కానీ ఆ ట్రాక్టరు డ్రైవర్ని గమనించండి. గొలుసుని ముందు మెల్లగా బిగిస్తాడు, బిగిశాక ఫస్టు గేరులో నత్తనడకన లాగుతాడు. సాగని గొలుసుకి అదే సరైన పద్ధతి. అతను ఏ పుస్తకం చదివి చేసినా చెయ్యకపోయినా, బావగారి కంటే శాస్త్రానికి దగ్గరగా ఉన్నాడు. ప్రమాదం ఎప్పుడొస్తుందంటే, బావగారు అతని పక్కకి చేరి "ఒక్క గుంజు గుంజవయ్యా" అని ఎగదోసినప్పుడు, లేదా గొలుసుని కింది డ్రాబారుకి కాకుండా ఎత్తున ఎక్కడో తగిలించమన్నప్పుడు. వెనక ఇరుసు కంటే ఎత్తున లాగితే ట్రాక్టరు ముందుచక్రాలు లేచి, డ్రైవరు మీదికే తిరగబడుతుంది. ఆలోచించే వ్యవధి కూడా ఇవ్వదు. మరో అభ్యంతరం: సముద్రం పోటెత్తుతుంటే తవ్వుకుంటూ కూర్చోమంటారా? కూర్చోవద్దు. నాలుగు టైర్ల గాలి తీయడానికి పట్టేవి నిమిషాలే. తెగిన తాడుని వెతుక్కుని మళ్లీ కట్టడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది.

ఇంత చెప్పాక ఆయన పక్షాన కూడా మాట్లాడాలి. రాత్రి పదకొండింటికి, వర్షంలో, ముక్కూమొహం తెలియని కుటుంబం దారిలో చిక్కుకుంటే బండి ఆపేది బావగారే. పద్ధతిగా మాట్లాడే పెద్దమనుషులు అద్దాలెత్తుకుని వెళ్లిపోతారు. బావగారు బట్టలు పాడు చేసుకుంటారు, బంపరు పగలగొట్టుకుంటారు, పైసా ఇవ్వబోతే "ఛ, ఊరుకోండి" అని కోప్పడతారు, పైగా ఫ్లాస్కులో టీ కూడా పోస్తారు. ఆ మంచితనానికి ఆయన అడిగే కూలి ఒక్కటే, చప్పట్లు. చప్పట్లు కొట్టేది మనమే. పావుగంట తవ్వి, చడీచప్పుడూ లేకుండా బండి బయటికి వస్తే మనం అటు చూడం. తాడు బిగిసి, మట్టి లేచి, ఇంజను అరిస్తేనే ఫోన్లు పైకి లేస్తాయి. బావగార్ని ఇలా తయారుచేసిన నేరంలో ఆయన వాటా సగమే.

కాబట్టి ఈ విన్నపం ఆయనకి కాదు, చుట్టూ మూగేవాళ్లకి. దిగబడ్డ బండిలోంచి డ్రైవరు తప్ప అందరూ దిగిపోవాలి, పిల్లలు ముందు. తాడు సాగిన వరసలో ముందూ వెనకా ఎవరూ నిలబడకూడదు, బిగిసిన తాడుని ఎవరూ దాటకూడదు. పట్టీ పొడవుకి ఒకటిన్నర రెట్ల దూరం, పక్కకి. తొమ్మిది మీటర్ల పట్టీ అయితే పదమూడున్నర మీటర్లు. మీ ఫోన్లో జూమ్ ఉంది, అక్కణ్ణించే తీసుకోండి.