కాకి ముద్ద

పంచాంగం లెక్కన వైశాఖం వెళ్ళేదాకా వసంత రుతువే. ఆ లెక్క కట్టినాయన మే నెల మిట్టమధ్యాహ్నం మా పెరట్లో బావి చప్టా మీద ఒట్టికాళ్ళతో నించుని ఉండడు. రోహిణి కార్తె రాకముందే రోళ్ళు పగిలేలా ఉంది ఎండ. ఒక్క కోయిల మాత్రం పంచాంగం పక్షం. తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలెట్టి, కూతకూతకీ స్థాయి పెంచుకుంటూ పోయి, ఇక గొంతు పగిలిపోతుందేమో అనుకునేసరికి ఠక్కున ఆపేస్తుంది. మళ్ళీ మొదటినించి.

మేం హైదరాబాదు నించి వచ్చింది రెండు పనుల మీద. ఒకటి ఆవకాయ. రెండోది మావాడు.

వాడికి నాలుగేళ్ళు నిండాయి. జూన్ 12న బడి తెరుస్తారు. ఎల్‌కేజీకి డబ్బు కట్టేశాం. 11 నెలల పిల్లాడిగా ఉన్నప్పుడు తెచ్చి అమ్మ దగ్గర దింపాం వాణ్ణి. ఇద్దరివీ ఉద్యోగాలు, 20 ఏళ్ళ ఇంటి అప్పు, పిల్లాణ్ణి చూసుకోడానికి కుదుర్చుకున్న మనిషేమో నెల తిరక్కుండా మానెయ్యడం. అమ్మే అడిగి ఉంచేసుకుందని మా ఆవిడ అందరికీ చెబుతుంది. నేనూ అలాగే చెబుతాను. నిజానికి ఆవేళ అమ్మ అన్నది ఒక్కటే మాట, "పిల్లాడు చిక్కిపోయాడేవిట్రా?" అని. మిగతాది మేం కలుపుకున్నాం.

నెలకోసారి వచ్చి చూసుకుందామనుకున్నాం. మొదటి ఏడు అలాగే వచ్చాం. రెండో ఏడు పండగలకి వచ్చాం. మూడో ఏడు ఎక్కువగా ఫోన్లో వచ్చాం.

అందుకే కాబోలు, మేం ఆటో దిగగానే వాడు అమ్మ కుచ్చెళ్ళ వెనకనించి తల బయటపెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. బొటనవేలూ చూపుడువేలూ కాస్త ఎడం చేసి, "నాన్న ఇంతే ఉంటాడు కదా నానమ్మా?" అన్నాడు. అందరం నవ్వాం. మా ఆవిడ అందరికంటే కాస్త ముందుగా ఆపేసింది.

మర్నాడే ఆవకాయ. కాయలు కొత్తపల్లి కొబ్బరి, 50. తెల్లారకుండా కోయించి తెప్పించింది అమ్మ. కడిగి, తుడిచి, నులకమంచం మీద ఆరబెట్టడం దాకా మేం లేవకముందే అయిపోయింది. ముక్కలు కొట్టడానికి వచ్చినతను కత్తి దగ్గర కూర్చుంటే, ఒక్కో కాయా టెంకతో సహా టక్కుటక్కుమని విడిపోతోంది. ముక్కలో జీడి తీసి, లోపలి పొర ఊడబెరికి, పొడిగుడ్డతో తుడవడం మావాడి పని. ఎవరూ చెప్పలేదు. పీట తెచ్చుకుని కూర్చున్నాడు. నేనూ ఒక ముక్క తుడవబోతే చెయ్యి పట్టుకు ఆపేశాడు.

"నీ చెయ్యి తడిగా ఉంది. బూజొచ్చేస్తుంది."

ఆ మాట అనడంలో అచ్చం అమ్మే. అదే కనుబొమ్మ ఎత్తడం, అదే విసుగు. నా కొడుకు నా కంటే బాగా మా అమ్మకి కొడుకులా ఉన్నాడు. ముచ్చటగానే ఉంది కానీ, ఎక్కడో టెంక పెచ్చు గుచ్చుకున్నట్టయింది.

ఆవపిండీ కారం ఉప్పూ కలిపిన పళ్ళెం చుట్టూ వీధివీధంతా తుమ్ముతుండగా పక్కింటి పిన్నిగారు వచ్చి, చెట్టున పండిన బొప్పాయి కోసిచ్చింది. మా ఆవిడ ప్రాణం పెట్టే పండు. "వద్దండీ, వేడి చేస్తుంది" అని పళ్ళెం పక్కకి జరిపింది. అమ్మ ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ పప్పునూనె పొయ్యడంలో పడిపోయింది.

ఇంట్లో అన్నం వార్చగానే మొదటి ముద్ద పిట్టగోడ మీద కాకికి పెట్టడం అమ్మకి నేను పుట్టకముందునించీ అలవాటు. ఇప్పుడా ఉద్యోగం మావాడిది. పీటెక్కి, ముద్ద పెట్టి, కావుకావుమని పిలుస్తాడు. పెరట్లో వేపచెట్టు మీంచి దిగుతుంది కాకి. ఆవకాయ తిరగగలిపే రోజున, అంటే మూడోనాడు, కాకి ఒక్కతే రాలేదు. దాని వెనకాల ఒళ్ళంతా మచ్చలున్న గోధుమరంగు పిల్లొకటి ఎగరడం చేతకాక తడబడుతూ వచ్చి గోడమీద వాలింది. వాలడం వాలడమే నోరు తెరిచింది. తన నోట్లో మెతుకులు తను మింగకుండా కాకి దాని గొంతులో కుక్కుతోంది. అది మింగుతుంది, మళ్ళీ నోరు తెరుస్తుంది.

"నాన్నా, కాకిపిల్లకి మచ్చలెందుకున్నాయి?"

వచ్చిన మూడురోజుల్లో వాడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న. నాకు తెలిసిన ప్రశ్న కూడా. మా నాన్న తెలుగు మేష్టారు. అమరం ద్వితీయ కాండలో సింహాదివర్గం నా వీపు సాక్షిగా నాకు వచ్చు. ఇన్నాళ్ళకి దానికి గిరాకీ వచ్చిందని వాణ్ణి పిట్టగోడ పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"అది కాకిపిల్ల కాదురా, కోయిలపిల్ల. ఆడకోయిలకి అలాగే మచ్చలుంటాయి. నల్లగా, ఎర్రకళ్ళతో ఉండేది మగది. పొద్దున్నే నిన్ను లేపేసేది ఆ మగదే."

ఇక్కడ ఒక మాట. మనవాళ్ళు గాయని అనగానే కోకిల బిరుదిస్తారు. అడవిలో ఆడకోయిల కిక్కిక్కిక్కుమని అరుస్తుందంతే. కూసేదంతా మగది. ఇది మావాడికి చెప్పలేదు. మా ఆవిడకి చెబితే, "కూతలు మగాళ్ళవేనని నాకెప్పుడో తెలుసు" అంది.

"మరి కోయిలపిల్ల కాకి దగ్గరెందుకుంది?"

"కోయిలకి గూడుండదు. కాకి గూట్లో గుడ్డు పెట్టేసి పోతుంది. కాకి తన గుడ్డే అనుకుని పొదుగుతుంది. కాకిగుడ్లకంటే కోయిలగుడ్డు ముందు పగులుతుంది కూడాను. అందుకే సంస్కృతంలో కోయిలని పరభృతం అన్నారు. వేరేవాళ్ళు పెంచింది అని. పెంచే కాకిని పరభృత్తు అన్నారు."

పిల్లాడికి పరభృత్తు ఎందుకని మీరనుకోవచ్చు. మా నాన్న నాకు నాలుగేళ్ళప్పుడే చెప్పాడు మరి. కాకికి సకృత్ప్రజ అని ఇంకో పేరుందనీ, అంటే ఒక్కసారే కనేదనీ చెప్పబోయి ఆగాను. అమ్మకి నేనొక్కణ్ణే. శాకుంతలం అయిదో అంకంలో దుష్యంతుడు ఆడవాళ్ళ టక్కుకి కోయిలనే ఉదాహరణ చెబుతాడు, ఎదురుగా నించున్నది తన బిడ్డని మోస్తున్న మనిషని మరిచిపోయి. అదీ చెప్పలేదు.

మావాడికి వీటితో పనిలేదు.

"కోయిలకి గూడు కట్టడం రాదా?"

"రాదు. టైముండదు. పొద్దున్నించి సాయంత్రందాకా పాడాలి కదా. అది దాని ఉద్యోగం."

"కాకికి ఉద్యోగం లేదా?"

"దానికేవుంది, ఖాళీయే."

అమ్మ వసారాలో కూర్చుని మోచేతులదాకా ఎర్రగా ఆవకాయ అడుగునించి పైకి తిరగేస్తోంది. ముక్క ఒకటి నోట్లో వేసుకుని ఉప్పు చూసింది. ఏం మాట్లాడలేదు.

"కోయిలపిల్ల పెద్దదయ్యాక?"

"రెక్కలొచ్చాక కోయిలల్లోకి ఎగిరిపోతుంది."

"కాకికి చెప్పి వెళుతుందా?"

"చెప్పదు. మళ్ళీ ఏడు ఇంకో కోయిల వచ్చి ఆ గూట్లోనే గుడ్డు పెట్టి పోతుంది. కాకికి ఎప్పటికీ బుద్ధి రాదురా. తెలీదు దానికి, వెర్రిబాగుల్ది."

"తెలీకేవిట్రా," అంది అమ్మ తలెత్తకుండానే. "ఒళ్ళంతా మచ్చలు కనిపిస్తూనే ఉన్నాయి కదా. నోరు తెరిచి అడుగుతుంటే పెట్టకుండా ఎలా ఉంటుంది?"

మావాడు చాలాసేపు గోడకేసే చూశాడు.

"పిల్ల వెళ్ళిపోతే కాకి ఏడుస్తుందా నానమ్మా?"

"ఏడవదు నాన్నా. గూడు బాగుచేసుకుంటుంది. మళ్ళీ ఏడు కావాలిగా."

ఆ రాత్రినించి వాణ్ణి మా దగ్గర పడుకోబెట్టుకున్నాం. అలవాటు చెయ్యాలి కదా. డాబా మీద మా ఇద్దరి మధ్యా చాప వేస్తే, నానమ్మ కొంగు కావాలని కాసేపు గునిసి, అమ్మ పాతచీర ఒకటి తెచ్చి ఇచ్చాక దాన్ని ముక్కుకి చుట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. వేపచెట్టు కదలడం లేదు.

"అత్తయ్యకి ఎప్పుడు చెబుతారు?" అంది మా ఆవిడ.

"రైలెక్కాక. ఫోన్లో చెబుదాం."

"తరవాత ఏర్పాటు కూడానా?"

"అదీను. అమ్మ ఎప్పుడన్నా కాదందా?"

మొగుడూ పెళ్ళాల మాటలు. వాడి ఊపిరి నిదానంగా ఉంది. పడుకున్నాడనే అనుకున్నాం.

తరవాత నాలుగురోజులూ ఎలా గడిచాయో చెప్పడానికేమీ లేదు. జాడీలకి వాసెనలు కట్టింది అమ్మ. మాకు రెండు, తనకొకటి. వాడి బట్టలు మడతపెట్టింది. బొట్టుపెట్టెలోంచి వాడి మొలతాడు మువ్వ తీసి, పొట్లం కట్టి, మా ఆవిడ పర్సులో వేసింది. వాడికి పెరుగన్నంలో మామిడిపండు రసం పిండితే ఇష్టమని, జలుబు చేస్తే వాము మూట వాసన చూపించమని, రాత్రిపూట దీపం పూర్తిగా ఆర్పొద్దని ఒక్కోటీ గుర్తొచ్చినప్పుడల్లా చెప్పింది. మా ఆవిడ ఫోన్లో రాసుకుంది. కొడుకు గురించి నోట్సు రాసుకుంటున్న తల్లిని చూడటం నాకదే మొదలు.

కోయిలపిల్ల అయిదోరోజు నించి గోడమీదకి రాలేదు. కాకి వచ్చింది. ముద్ద తనే తింది.

బయల్దేరే రాత్రి సామర్లకోట స్టేషనుకి అమ్మ కూడా వచ్చింది. వద్దంటే వినలేదు. గౌతమి ఎక్స్‌ప్రెస్ పావుగంట ఆలస్యం. ఆ పావుగంటా వాడు అమ్మ ఒళ్ళోనే ఉన్నాడు. అమ్మ నవ్వుతూనే ఉంది. హైదరాబాదులో బళ్ళో జారుడుబల్ల ఉంటుందట, మేడలోకి లిఫ్టులో వెళతారట, ఇవన్నీ తను చూసొచ్చినట్టే చెప్పింది. ఇంజను దీపం కనపడ్డాక వాణ్ణి నా చేతికిచ్చింది. ఇచ్చాక ఆగలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సామాను ఎక్కించి, వాణ్ణెత్తుకుని తలుపు దగ్గర నించున్నాను. మా ఆవిడ నా వెనకాల. వాడు ఒంగి, చెయ్యి చాపి, అమ్మ బుగ్గ తుడిచాడు. ముక్క తుడిచినంత శ్రద్ధగా.

"ఏడవకు నానమ్మా. కాకి ఏడవదన్నావుగా."

అమ్మ తలూపింది.

"అమ్మ పొట్టలో ఇంకో గుడ్డుంది. మొన్న డాబా మీద చెప్పుకున్నారు. బయటికి రాగానే నీ గూట్లోనే పెట్టేస్తారంట."

బండి కదిలింది. మా ఆవిడ నా భుజం మీద వేసిన చెయ్యి తీసేసింది. నాకు ఎటు చూడాలో తెలియలేదు. అమ్మ నన్ను చూడనే లేదు. కొంగుతో మొహం గబగబా తుడుచుకుని, బండితో పాటు నడుస్తూ, నా పక్కనించి లోపలికి తొంగిచూస్తూ అడిగింది.

"ఎన్నో నెలే అమ్మాయ్?"