గేదె బొమ్మకు నల్లరంగు వద్దు

గేదెను గీద్దామని కూర్చున్నప్పుడు ముందుగా డబ్బాలోంచి నల్ల పెన్సిల్ తీసి అవతల పెట్టండి. తర్వాత తెల్లది. ఆ తర్వాత మిగతావాటిలో మూడు తప్ప అన్నీ. వినడానికి తిక్క సలహాలా ఉంటుందని తెలుసు. అయినా నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చే ప్రతి పిల్లాడికీ మొదట చెప్పేది ఇదే.

ఉంచుకోవాల్సినవి మొత్తం ఐదు. మామూలు పెన్సిళ్లు రెండు: హెచ్‌బీ, 4బీ. రంగువి మూడు: నీలిమందు రంగు, ముదురు గోధుమరంగు, గోడలకు పూసే జాజు రంగు. స్పెయిన్‌లోని ఆల్టమీరా గుహ కప్పు మీద అడవిదున్నలు వేసినవాళ్లకు ఎర్రమట్టి, బొగ్గు ఉంటే సరిపోయింది. రాయి ఎక్కడ ఉబ్బెత్తుగా ఉందో చూసుకుని, దాన్నే దున్న ఒంటి కండగా వాడుకున్నారు.

నేను మొదట గీసింది మా వీధి చివర పాలమ్మే ముసలమ్మగారి గేదెను. నల్ల పెన్సిల్ సగం అరిగేదాకా రుద్దాను. ఆవిడ బొమ్మ చూసి, "మా గేదె నల్లగా ఉంటుందని నీకెవరు చెప్పారు నాయనా? ఇట్లా ఎండలోకొచ్చి చూడు" అంది. వెళ్లి చూశాను. వీపు మీద ఆకాశం నీలంగా మెరుస్తోంది. చెవుల లోపల, తొడల సందున ఎరుపు తిరిగిన గోధుమరంగు. పొట్ట కింద నేల మీంచి లేచిన వెలుగు మట్టిరంగులో ఉంది. డొక్కల మీద ఎండిన బురదైతే ఒంటికంటే ఎంతో తెల్లగా ఉంది. నిజంగా నలుపన్నది ముక్కు రంధ్రాల్లోనూ కొమ్ము మొదట్లోనూ మాత్రమే కనిపించింది. అంత దగ్గరగా చూడకుండానే అన్నాళ్లూ గేదెను చూశాననుకున్నాను.

కాబట్టి జాజు ముందు వేయండి. ఒళ్లంతా కాదు, వెచ్చగా కనిపించిన చోట్లే, పలచగా. వీపు మీద నీలిమందు. నీడ పడిన చోట నీలిమందు మీద ముదురు గోధుమ. ఆ రెండూ కలిసి ఇచ్చే నలుపులో లోతు ఉంటుంది. చేతి బరువు పెన్సిల్ మీద పడకూడదు. ఒకే చోట ఐదారుసార్లు పోయినా పర్లేదు కానీ ఒక్కసారే అదిమితే మైనం కాగితం గరుకును పూడ్చేస్తుంది. ఆపైన ఇంకో రంగు పట్టదు, 4బీ కూడా జారిపోతుంది. పోనీ 4బీతోనే ఒళ్లంతా నింపేద్దామంటే, మందంగా పడినప్పుడు అది వెండిలా మెరుస్తుంది. చిమ్మచీకటి కావాల్సిన చోటే తెల్లగా కొడుతుంది. దాన్ని మెడ ముడతలకు, గిట్టల సందులకు దాచుకోండి. అదీ రంగులు వేశాకే. ముందు వేస్తే రంగు పెన్సిల్ దాని పొడిని ఈడ్చుకెళ్లి జాజును మురికి చేస్తుంది.

వెంట్రుకలు గీయకండి. దూడకైతే గీయొచ్చు, దానికి ఒత్తుగా ఉంటాయి. పెద్ద గేదె ఒంటి మీద బొచ్చు చాలా పలచన, కనిపించేదంతా చర్మమే. ఒకవేళ గడ్డం కింద నాలుగు వెంట్రుకలు కావాలనిపిస్తే ఇంకు అయిపోయిన రీఫిల్‌తో ముందే కాగితం మీద నొక్కి గీయండి. తర్వాత ఆ చోట రంగు పెన్సిల్‌ను వాలుగా పోనిస్తే గాడిలోకి రంగు దిగదు. సన్నటి తెల్లగీత మిగులుతుంది. పిల్లి మీసాలకూ ఇదే పద్ధతి.

రూపురేఖలతో మొదలుపెట్టకండి. కాళ్ల మధ్య ఖాళీ ఏ ఆకారంలో ఉందో అది గీయండి. కాళ్లు వాటంతటవే వస్తాయి. పడుకుని నెమరువేసే గేదె దొరికితే ఇంకేం కావాలి, చాలాసేపు కదలదు.

ఒంగోలు గిత్తకూ ఈ ఐదే చాలు. తెల్ల కాగితం మీద తెల్ల పెన్సిల్ చేసేదేమీ లేదు. గిత్త తెలుపంతా కాగితానిదే, దాన్ని ముట్టుకోకండి. వెనకున్న చెట్టునో గోడనో ముదురుగా వేస్తే గిత్త ముందుకొస్తుంది. మెడ, మూపురం బూడిదరంగు తిరిగి ఉంటాయి కనుక అక్కడ హెచ్‌బీ, దాని పక్కన కాస్త నీలిమందు. గంగడోలు మడతల్లో జాజు ఉందా లేదా అన్నట్టుండాలి. కంటి చుట్టూ నల్లటి అంచుకు మాత్రం 4బీని బాగా చెక్కి, ఒక్క గీతలో తేల్చేయండి. ఆ కంట్లో మెరుపు చుక్కను మొదటినుంచీ ఖాళీగా వదిలి కాపాడుకోవాలి. చివర్లో రబ్బరుతో తీద్దామంటే మసక తప్ప మెరుపు రాదు.

బొమ్మ అయ్యాక ముందుగా ఆర్టిస్టులకు చూపించకండి. రోజూ ఆ గొడ్డును కడిగి, పాలు పితికే మనిషికి చూపించండి. ఐదు పెన్సిళ్లతో వేసిన బొమ్మను ముసలమ్మగారి దగ్గరికి తీసుకెళ్లాను. రంగుల సంగతి ఎత్తనే లేదు. కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ఎడమ చెవి అంచున గాటును వేలితో తడిమి, "ముళ్లకంచెకు తెగింది. ఆ రోజు రెండు పూటలా పాలివ్వలేదు" అంది.