కొండ మాది, సముద్రం మాది, నీళ్లు ట్యాంకరువి

విశాఖపట్నంలో వాస్తు సిద్ధాంతికి అసలు పనే ఉండకూడదు. తూర్పు పల్లం, పడమర మెరక, వాననీరు తూర్పుకి పారాలి అంటుంది శాస్త్రం. ఇక్కడ తూర్పున బంగాళాఖాతం, పడమరన తూర్పు కనుమలు. ఊరంతా వాస్తు చూసుకునే పుట్టింది. అయినా సిద్ధాంతులకి చేతినిండా పనే. మా కాలనీలో ఒకాయన సముద్రం కనిపించే గుమ్మం మూయించి, పార్కింగులోకి తెరుచుకునే గుమ్మం పెట్టించుకున్నాడు. ఆయన ఇంటికి సముద్రం ఆగ్నేయంలో పడిందట. దాన్ని జరపడానికి కుదరదు కాబట్టి గుమ్మాన్ని జరిపాడు.

సాగర్ నగర్ దాటి భీమిలి రోడ్డు పట్టుకుంటే కుడిచేతి వైపు సముద్రం, ఎడమచేతి వైపు కొండలు. ఆ కొండల నడుమున వరసగా గేట్లు. అందులో ఒక గేటు వెనక మేముంటాం. కాలనీ పేరు రాయను. ఆ పేరులో కొండ, సముద్రం, పిల్లగాలి మూడూ ఇంగ్లీషులో ఉన్నాయి. కింద జాలరిపేట వాళ్లకి అంత నోరు తిరగదు, తిప్పుకునే అవసరమూ లేదు. మమ్మల్ని ‘గేటోళ్లు’ అంటారు.

బిల్డరు మాకు అమ్మింది ఇల్లు కాదు, కిటికీ. కిటికీలోంచి సముద్రం నిండుగా కనిపిస్తే చదరపు అడుగుకి ఇంత అదనం. సగం కనిపిస్తే దానికో రేటు. బాల్కనీ చివర నిలబడి, కమ్మీ పట్టుకుని, మెడ కుడివైపుకి సాచితే రెండు టవర్ల మధ్య నీలంగా ఒక గీత కనిపిస్తుందనుకోండి, దాన్ని ‘పార్షియల్ సీ వ్యూ’ అంటారు. దానికీ రేటుంది. మెడనొప్పికి ఫిజియోథెరపీ వేరే.

ఇన్ని డబ్బులు పోసి కొన్న కిటికీని ఎవరూ తెరవరు. ఉప్పుగాలి. కొత్త ఏసీ బయట పెట్టిన పెట్టె రెండేళ్లకే పొరలు పొరలుగా రాలుతుంది. తాళం కప్పలో తాళం చెవి తిరగదు. బాల్కనీకి స్టెయిన్‌లెస్ స్టీలే కదా వేయించామనుకున్నవాళ్లు దానికి గోధుమరంగు మచ్చలు చూసి లబోదిబోమన్నారు. వంటింటి సామానుకి వాడే 304 రకం స్టీలు సముద్రం పక్కన ఆగదు, 316 రకం వేయాలి. ఆ సంగతి పడవలు కట్టేవాడికి తెలుసు, మా బిల్డరుకీ తెలుసు, మాకు మాత్రం గృహప్రవేశం తరవాత తెలిసింది. ఇప్పుడు అందరం అద్దాలు బిగించి, సందుల్లో రబ్బరు కుక్కి, ఏసీ వేసుకుని, గోడ మీది టీవీలో అలల చప్పుడు పెట్టుకుని ధ్యానం చేస్తున్నాం.

గేటు దగ్గర యాప్ ఉంది. ఎవరొచ్చినా మన ఫోను మోగాలి, మనం ‘అప్రూవ్’ నొక్కాలి, అప్పుడు అడ్డుకర్ర లేస్తుంది. కొరియర్ కుర్రాడికి, పనిమనిషికి, గ్యాసు బండకి, పెళ్లికార్డు పట్టుకొచ్చిన మేనమామకి అందరికీ ఒకటే పద్ధతి. ఫోను సైలెంట్‌లో ఉన్న రోజున మేనమామ కార్డు సెక్యూరిటీ చేతిలో పెట్టి వెనక్కి వెళ్లిపోయాడు. ఆ పెళ్లికి వెళితే మమ్మల్ని ఎవరూ ఓటీపీ అడగలేదు. పలకరించనూ లేదు.

పేట నుంచి నెత్తిన తట్టతో చేపలమ్మే ఆవిడ ఒకామె మా గేటు పుట్టకముందు నుంచీ ఈ కొండెక్కేది. అప్పట్లో ఇక్కడ జీడితోటలు. తోటల్లో కాపలావాళ్లకి, కొండ అవతలి ఊళ్లకి అమ్ముకునేది. చేపల వాసన కామన్ ఏరియాలోకి రాకూడదని, లిఫ్టులోకి అసలే రాకూడదని మా కమిటీ తీర్మానం చేసింది. ఆవిడ రావడం మానేసింది. అప్పటినుంచి మేం చేపలు ఫోనులో తెప్పించుకుంటున్నాం. మా బాల్కనీలోంచి కనిపించే పడవలో తెల్లారగట్ల పడ్డ వంజరం ఫిషింగ్ హార్బరుకెళ్లి, ఐసులో పడుకుని, ముక్కలై, ప్లాస్టిక్ డబ్బాలో దూరి, పై రోజు మా గేటు దగ్గరికొచ్చి అప్రూవలు అడుగుతుంది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. మా బ్లాకు పెద్దమనిషి ఒకాయనకి ఈ సంగతి తెలీదు. మే నెలలో చేప రేటు చూసి మండిపడి, మార్నింగ్ వాక్‌లో పేట దాకా దిగి, ఆవిడనే పట్టుకుని నిలదీశాడు.

“ఎదురుగా ఇంత సముద్రం పెట్టుకుని వంజరం లేదంటారేమిటమ్మా?”

“వేట నిసేదం బాబూ. సేపలు గుడ్లెట్టే కాలం. ఆటినీ బతకనియ్యాల గదేటి?”

“మరి మేమేం తినాలి?”

“మీ కాడ ఏటో నొక్కితే అన్నీ వత్తాయంట గదా బాబూ. అదే నొక్కండి.”

ఆయన పైకొచ్చి, పేట మనుషులకి కస్టమర్ సర్వీసు తెలియదని గ్రూపులో పెట్టాడు. పద్నాలుగు బొటనవేళ్లు లేచాయి.

ఇంకో చిక్కు నూకాలమ్మ గుడి. పేట వాళ్ల అమ్మవారు. గుడి కొండ మీదుంది, కొండ మా గోడలోపల పడింది. అమ్మవారికి విల్లా నంబరు లేదు కాబట్టి మెయింటెనెన్స్ కట్టదు. ఆ మేరకు కమిటీలో కొంత గొణుగుడు ఉంది. జాతరనాడు డప్పులతో ఊరు ఊరంతా గేటు దగ్గరికొచ్చింది. సెక్యూరిటీ కుర్రాడిది విజయనగరం వైపు. వాడికి అటు అమ్మవారి భయం, ఇటు ప్రెసిడెంటు గారి భయం. “సార్, గుడికాడికి రెండొందల మందొచ్చీసినారు. ఎవలింటికొచ్చినారని ఎట్టమంతారు?” అని ఫోను చేశాడు. యాప్‌లో ‘ఎవరి ఇంటికి’ అనే గడి నింపితే తప్ప అడ్డుకర్ర లేవదు. చివరికి క్లబ్ హౌసుకి గెస్టులని రాసి పంపించారు. అమ్మవారి జనం అమ్మవారి దగ్గరికి విజిటర్ పాసుల మీద వెళ్లారు. అమ్మవారు ఏమనుకుందో గానీ, మా వాళ్లు మాత్రం బాల్కనీల్లో నిలబడి వీడియోలు తీసుకుని, ‘అవర్ కల్చర్’ అని స్టేటస్ పెట్టుకున్నారు.

ఇక మా ఉద్యమం. రోడ్డుకీ మాకూ మధ్య ఖాళీ జాగాలో నిరుడు ఇంకో బిల్డరు టవరు మొదలెట్టాడు. నాలుగో అంతస్తు దాకా ఎవరికీ పట్టలేదు. ఐదో శ్లాబు పడేసరికి మా కింది వరస విల్లాల్లో సముద్రం మాయమైంది. రాత్రికి రాత్రి మా కాలనీలో పర్యావరణ స్పృహ పుట్టింది. వంద కొవ్వొత్తులు కొన్నాం. కొండల్ని కాపాడండంటూ బ్యానరు రాయించి మా గేటుకే కట్టాం. ఆ గేటున్న చోట ఒకప్పుడు కొండ ఉండేది. పేలుడు మందు పెట్టి పగలగొట్టి, మట్టి లారీల్లో తోలేశాకే గేటుకి చోటు దొరికింది. బ్యానరు వెనక కోసిన కొండ ఎర్రగా కనిపిస్తోంది, పేపరు వాళ్ల ఫొటోలో బాగోదు అన్నారెవరో. దాని మీద పచ్చ రంగు నెట్టు కప్పించాం. ఈ ఉపాయం మా సొంతం కాదు. రుషికొండ మీద పర్యాటక శాఖ రిసార్టు పడగొట్టి కొత్త భవనాలు కట్టినప్పుడు, చెక్కిన కొండకి సర్కారు ఆకుపచ్చ తొడుగు వేసి లోకానికి చూపించింది. ఏలినవారు వేసిన బాటలోనే నడిచాం.

టవరు వాళ్ల బ్రోచరు తెప్పించి చూశాం. ముందు సముద్రం, వెనక ‘పచ్చని కొండ దృశ్యం’ అని రాసుంది. ఆ పచ్చని కొండ దృశ్యం మేమే. టవరు నిండాక వాళ్ల ముందు మరొకడు కడతాడు, అప్పుడు వాళ్లూ కొవ్వొత్తులు కొంటారు. తీర నియంత్రణ నిబంధనలు పోటు గరిష్ఠంగా వచ్చే గీత నుంచి 500 మీటర్ల దాకా ఉన్నాయి కాబట్టి ఎక్కడో ఒకచోట ఆగాలి. ఆగకపోతే చివరి ఉద్యమం చేపలు చేసుకోవాలి.

పాముల సంగతి క్లుప్తంగా. కంబాలకొండ అభయారణ్యం ఇక్కడికి దగ్గరే. వేసవిలో నాగుపాములూ కొండచిలువలూ నీడ కోసం కొండ దిగి మా పార్కింగులోకి వస్తాయి. వాటి మీద గ్రూపులో ‘అనధికార ప్రవేశం’ అని ఫిర్యాదు వస్తుంది. ఈ కొండలో ఎవరు ముందునుంచీ ఉంటున్నారో సభ్యత్వ రిజిస్టరులో లేదు.

డబ్బు లెక్కలు ఇంకా క్లుప్తంగా. నెలసరి మెయింటెనెన్స్ 7,500 రూపాయలు దాటితే 18 శాతం జీఎస్టీ పడుతుంది. మాది 7,490. మిగతాది ‘స్వచ్ఛంద విరాళం’. ఇవ్వనివాడి పేరు లిఫ్టులో అంటిస్తారు.

వ్యవహారమంతా నీళ్ల దగ్గర ఉంది. కిందికి చూస్తే కంటికానినంత నీరు. పైన ట్యాంకులో మధ్యాహ్నానికి చుక్క ఉండదు. కొండలో బోరు వేస్తే రాయి పిండే తప్ప తడి రాదు. అందుకని పొద్దున్నే ట్యాంకర్లు ఆ ఏటవాలు రోడ్డు మీద మొదటి గేరులో మూలుగుతూ ఎక్కుతాయి. యాప్ అప్రూవలు అక్కర్లేకుండా మా గేటు లోపలికి వచ్చే ఒకే ఒక అతిథి ట్యాంకరు డ్రైవరు. అతను వస్తుంటే ప్రెసిడెంటు గారు స్వయంగా ఎదురెళ్లి “ఏం నాయనా, టిఫిను చేశావా?” అంటారు. సొంత వియ్యంకుడికి ఆ మర్యాద జరగలేదు.

ఇదే రోడ్డులో తొట్లకొండ ఉంది. రెండువేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు సముద్రానికి ఎదురుగా ఆ కొండ మీద ఆరామం కట్టుకుని, కొన్ని వందల ఏళ్లు ఉన్నారు. 1970లలో నౌకాదళం స్థావరం కోసం సర్వే చేయిస్తుంటే మళ్లీ బయటపడింది. అదీ కొండ మీది కాలనీయే. ధ్యాన మందిరం ఉంది, సమావేశ మందిరం ఉంది, వంటశాల ఉంది. మా క్లబ్ హౌసులో లేనిది అక్కడ ఒకటుంది. రాతిని తొలిచి తొట్లు చేసి, వాననీటిని వాటిలోకి మళ్లించుకున్నారు. కొండకి పేరు కూడా ఆ తొట్ల వల్లే వచ్చింది. ఉలీ సుత్తీ తప్ప చేతిలో ఏమీ లేని సన్యాసులు చేసిన పని అది. మా కమిటీలో ఇంజనీర్లే నలుగురున్నారు. ఒకాయన నీటిపారుదల శాఖలోనే పనిచేసి రిటైరయ్యాడు.

విశాఖలో ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడుతుంది. నూరు చదరపు మీటర్ల డాబా మీద పడే నీరు లక్ష లీటర్లు. ఐదువేల లీటర్ల ట్యాంకరు లెక్కన ఒక్కో ఇంటి నెత్తిన ఏటా ఇరవై ట్యాంకర్ల నీళ్లు ఉచితంగా పడుతున్నాయి. వాటిని మేం ఏం చేస్తున్నామయ్యా అంటే, శ్రద్ధగా పైపులు పెట్టి కొండ కిందికి తోసేస్తున్నాం. 2002లో వచ్చిన వాల్టా చట్టం ఇంకుడు గుంతలు ఉండి తీరాలంటుంది. మా ప్లానులో ఉన్నాయి. కాగితం మీద చక్కగా నీలం గీతలతో ఉన్నాయి. నేల మీద ఆ చోట షటిల్ కోర్టు ఉంది. ఇన్‌స్పెక్షనుకి వచ్చిన వాళ్లు కూడా ఒక గేము ఆడి వెళ్లారు.

వాన గట్టిగా పడితే మా రోడ్లు అద్దాల్లా కడుక్కుపోతాయి, చూడ్డానికి ముచ్చటేస్తుంది. ఆ నీరు కోసిన కొండ మట్టిని తోడు తీసుకుని ఎర్రగా దిగుతుంది. కింద పాత గెడ్డ ఒకటుండేది, కొండ నీళ్లు అందులోంచి సముద్రంలో కలిసేవి. ఇప్పుడు అందులో సగం మా ఎంట్రన్సు ఆర్చీ, సగం టవరు వాళ్ల సేల్స్ ఆఫీసు. దారి లేని నీరు పేటలో దూరుతుంది. పేట వాళ్లు నులకమంచాలు రోడ్డు మీద వేసుకుని, చీపుళ్లతో మా మట్టి తోస్తుంటారు. మూడో రోజున మళ్లీ మా ట్యాంకర్లు వాళ్ల గుమ్మాల ముందు నుంచే పైకెక్కుతాయి.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను ఎవరి అనుమతీ అడగలేదు. ఏ నాలుగు గంటలో వీస్తుందనుకున్న గాలి పొద్దస్తమానం వీచింది. కైలాసగిరి మీద చెట్టుకి ఆకు మిగల్లేదు, విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది. మా కాలనీ అప్పటికి మొదటి దశే. గేటు ఒరిగింది, అద్దాలు పగిలాయి, కరెంటు పోయింది, జనరేటరులో డీజిల్ అయిపోయింది, ట్యాంకరు కొండెక్కే దారిలో చెట్లన్నీ అడ్డంగా పడున్నాయి. రెండో రోజుకి మా వాళ్లు మినరల్ వాటర్ డబ్బాలు, బిందెలు, ఒకాయనైతే ప్రెషర్ కుక్కరు పట్టుకుని పేటలో చేతిపంపు దగ్గర వరసలో నిలబడ్డారు. పేట వాళ్ల ఇళ్ల మీద రేకులు లేవు. అయినా వంతు తప్పకుండా నీళ్లు కొట్టుకోనిచ్చారు. చేపలావిడే పంపు కొట్టి పెట్టింది. కరెంటు వచ్చిన వారానికి మా కమిటీ మొదటి సమావేశం జరిగింది. తుపానుతో నేర్చుకున్న పాఠాల మీద రెండు గంటలు చర్చించి, ప్రహరీ ఇంకో మూడడుగులు లేపాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

ఈ ఆదివారం పదిగంటలకి మా జనరల్ బాడీ. ఎజెండా గ్రూపులో పెట్టారు. ఒకటి, లాబీలో సెంటు యంత్రం. రెండు, ట్యాంకరు రేటు. మూడు, టవరు మీద కోర్టుకి వెళ్లడానికి ఇంటికి పదివేలు. తొమ్మిదోది షటిల్ కోర్టు తీసి ఇంకుడు గుంతలు తవ్వడం, గెడ్డ మీది ఆర్చీ తొలగించడం. ఆ తొమ్మిదో అంశం పెట్టమని రాసిచ్చింది నేనే. రెండేళ్లుగా అక్కడికి వచ్చేసరికి భోజనాలు వడ్డించారని అందరూ లేచిపోతున్నారు, కోరం లేక వాయిదా పడుతోంది. ఈ కాలమ్ చదివే మా కాలనీ వాళ్లకి మనవి: దయచేసి తిని రండి.